పదకొండేళ్ల బాబుకు బీపీ ఎక్కువ: రోగనిరోధక వ్యవస్థే కారణమా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకు 11 ఏళ్లు. దగ్గు తగ్గలేదని డాక్టర్ దగ్గరకు తీసుకెళితే బీపీ 124/80 వచ్చింది. వారం ఆగి చూసినా దాదాపు అంతే. వయసుకు తగినదానికన్నా బరువు ఎక్కువ. రక్తపరీక్షలో సీఆర్‌పీ (శరీరంలో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) కొద్దిగా పెరిగింది. ‘శరీరంలో వాపు ప్రక్రియ ఉన్నట్టుంది’ అని డాక్టర్ అన్నారు (ఇన్‌ఫ్లమేషన్, అంటే పైకి కనిపించే ఉబ్బు కాదు, రోగనిరోధక కణాలు లోపల రేగడం). ఆ మాట పట్టుకుని మీరు చదవడం మొదలుపెడితే, రక్తపోటు అసలు రోగనిరోధక వ్యవస్థ జబ్బేనని ఒకచోట, రోగనిరోధక శక్తి పెంచితే బీపీ తగ్గుతుందని మరోచోట కనిపించింది. శక్తి పెంచే పొడి ఒకటి ఇంట్లో ఇప్పటికే మొదలైంది. ఇప్పుడు ఆ వ్యవస్థను పెంచాలా, అణచాలా అని అడుగుతున్నారు.

పిల్లల కిడ్నీ జబ్బులు, రక్తపోటు చూడటం చాలా ఏళ్లుగా నా పని. నా జవాబు: పెంచనూ వద్దు, అణచనూ వద్దు. ముందు మూత్రపరీక్ష చేయించండి. మీరు రాసినదాంట్లో అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు.

ఎందుకంటే ‘రోగనిరోధక వ్యవస్థ వల్ల బీపీ’ అనే ఒక్క మాట కింద, ఒకదానితో ఒకటి పోలిక లేని రెండు సంగతులు ఉన్నాయి. మొదటిదానిలో ఆ వ్యవస్థే కిడ్నీని గానీ రక్తనాళాన్ని గానీ దెబ్బతీస్తుంది, బీపీ ఆ దెబ్బకు గుర్తుగా పైకి వస్తుంది. దీన్ని వెంటనే పట్టుకోవాలి. రెండోదానిలో బీపీకి వేరే కారణాలుంటాయి, రోగనిరోధక కణాలు వెనక చేరి దాన్ని దిగనీయకుండా చేస్తాయి. మీరు చదివినదంతా ఈ రెండో సంగతి గురించి. నాకు భయం మాత్రం మొదటిది దాటిపోతుందేమోనని.

మొదటిది ఎలా ఉంటుందో చెబుతాను. ఏడేళ్ల పాప. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు. మధ్యాహ్నానికి తగ్గిపోతోంది కాబట్టి ఎక్కువ నిద్రపోయిందనుకున్నారు. మూడో రోజు మూత్రం చిక్కటి టీ రంగులో వచ్చింది, అదీ కొద్దిగానే. ఆ సాయంత్రం తలనొప్పి, రెండు వాంతులు. నా దగ్గరకు వచ్చేసరికి బీపీ 150/100. ‘ఈమధ్య గొంతునొప్పి గానీ, చర్మం మీద పుండ్లు గానీ వచ్చాయా?’ అని అడిగాను. పది రోజుల కింద గొంతునొప్పి, జ్వరం వచ్చి వాటంతట అవే తగ్గాయని తల్లి చెప్పింది.

గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాను పాప శరీరం గెలిచింది. కానీ ఆ పోరులో తయారైన యాంటీబాడీలు, బ్యాక్టీరియా ముక్కలతో కలిసి గుత్తులుగా కిడ్నీలోని వడపోత గుచ్ఛాల్లో చిక్కుకున్నాయి. అక్కడ వాపు మొదలైంది. వడపోత మందగించి ఉప్పు, నీరు ఒంట్లోనే నిలిచిపోయాయి. ఉబ్బూ, బీపీ రెండూ అక్కడి నుంచే. గొంతునొప్పి తర్వాతైతే ఇది ఒకటి రెండు వారాల్లో, చర్మం మీద పుండ్ల తర్వాతైతే మూడు నుంచి ఆరు వారాల్లో కనిపిస్తుంది. రక్తంలో సీ3 అనే ప్రొటీన్ ఈ పోరులో ఖర్చయిపోయి పడిపోతుంది. సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో మామూలు స్థాయికి వస్తుంది. రాకపోతే అది వేరే జబ్బని అనుమానించి మళ్లీ మొదటి నుంచి వెతుకుతాం. పాపకు ఉప్పు తగ్గించి, మూత్రం ఎక్కువగా పోయే మందు, బీపీ మందు ఇచ్చాం. వారంలో ముఖం మామూలైంది. అది రోగనిరోధక వ్యవస్థ తెచ్చిన జబ్బే అయినా, ఆ వ్యవస్థను అణచే మందు ఒక్కటీ ఇవ్వలేదు, అవసరం రాలేదు. చాలామంది పిల్లల్లో ఇంతే. ఆలస్యమైతేనే ప్రమాదం. బీపీ ఒక్కసారిగా పెరిగి మూర్ఛతో వచ్చిన పిల్లలను నేను చూశాను. ఆ తల్లిదండ్రులకు అప్పటిదాకా బీపీ సంగతే తెలియదు.

ఇంకో పాప గుర్తొస్తోంది. పన్నెండేళ్లు. నెలల తరబడి నీరసం, అప్పుడప్పుడు సన్నగా జ్వరం. నాడి చూద్దామని కుడిచేయి పట్టుకుంటే బాగా తగిలింది, ఎడమచేతిలో వెతికినా దొరకలేదు. రెండు చేతుల బీపీకీ మధ్య 30 తేడా. రోగనిరోధక కణాలు గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని (బృహద్ధమని) గోడల్లోకి, దాని కొమ్మల్లోకి చేరి వాటిని మందంగా, ఇరుకుగా మార్చే జబ్బు అది. 1908లో జపాన్ కంటి డాక్టర్ మికిటో టకయాసు కంటి రక్తనాళాల్లో దీని జాడలను వర్ణించారు, అందుకే ఆయన పేరు పెట్టారు. కిడ్నీకి వెళ్లే ధమని ఇరుకైతే, ఒంట్లో రక్తమే తగ్గిపోయిందని కిడ్నీ పొరబడుతుంది. రెనిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, దాని వెంట రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ పెరుగుతుంది, బీపీ ఎగబాకుతుంది. ఇక్కడ మాత్రం రోగనిరోధక వ్యవస్థను అణచే మందులు తప్పనిసరి. బీపీ మందును కూడా ఆచితూచి ఎంచాలి. రెండు కిడ్నీల ధమనులూ ఇరుకైన పిల్లలకు యాంజియోటెన్సిన్ తయారీని తగ్గించే ఏసీఈ ఇన్‌హిబిటర్ రకం మందులిస్తే కిడ్నీ పనితీరు పడిపోవచ్చు. బీపీ ఎక్కువని వచ్చిన ప్రతి బిడ్డకూ మొదటిసారి రెండు చేతులకూ, కాళ్లకూ బీపీ చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. చేతుల్లో ఎక్కువ, కాళ్లలో తక్కువ ఉంటే పుట్టుకతోనే బృహద్ధమని ఇరుకుగా ఉందేమోనన్న అనుమానం కూడా అప్పుడే వస్తుంది. పట్టే సమయం పది నిమిషాలు.

రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే లూపస్, కాళ్ల మీద ఊదారంగు మచ్చలతో మొదలయ్యే ఐజీఏ వాస్కులైటిస్, మరికొన్ని కిడ్నీ జబ్బులు కూడా ఈ కోవలోవే. వాటి వివరాల్లోకి వెళ్లను. దాదాపు అన్నిటికీ మూత్రంలో రక్తం, ప్రొటీన్ కనిపించడమే తొలి సూచన. ఐజీఏ వాస్కులైటిస్‌లో మచ్చలు మానిపోయాక కూడా ఆరు నెలలపాటు మూత్రం, బీపీ చూస్తూ ఉంటాం. కిడ్నీ మీద దాని ప్రభావం ఆలస్యంగా బయటపడవచ్చు మరి.

ఇప్పుడు మీరు చదివిన రెండో సంగతి. అది కల్పన కాదు, మంచి శాస్త్రమే. 1960లలోనే ఆర్థర్ గ్రోల్మన్ బృందం, కిడ్నీ దెబ్బతిని బీపీ పెరిగిన ఎలుకల లింఫు గ్రంథుల కణాలను ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటికీ బీపీ పెరగడం చూసింది. ఆ పరిశీలన దశాబ్దాలపాటు పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. 2007లో టోమాష్ గూజిక్, డేవిడ్ హారిసన్ తదితరులు టీ కణాలు, బీ కణాలు అనే రెండు రకాల రోగనిరోధక కణాలూ లేని చిట్టెలుకలకు యాంజియోటెన్సిన్ ఇచ్చారు. మామూలు చిట్టెలుకల్లో పెరిగినంతగా వాటిలో బీపీ పెరగలేదు. టీ కణాలను ఎక్కించగానే పెరిగింది. బీ కణాలు ఎక్కిస్తే అలా కాలేదు. 2010లో వచ్చిన మరో పరిశోధన నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. టీ కణాలు వదిలే ఇంటర్‌లూకిన్-17 అనే వాపు రసాయనం లేని చిట్టెలుకల్లో బీపీ మొదట మిగతావాటిలాగే పెరిగింది, కానీ ఆ ఎత్తులో నిలవలేదు. అంటే ఈ కణాల అసలు పని బీపీని మొదలుపెట్టడం కన్నా నిలబెట్టడమేనన్నమాట.

అది ఇలా జరుగుతుంది. ఉప్పు ఎక్కువై గానీ, నరాల ఒత్తిడి వల్ల గానీ, యాంజియోటెన్సిన్ వల్ల గానీ బీపీ కొంచెం పెరిగినప్పుడు రక్తనాళాల గోడలు, కిడ్నీ కణజాలం సన్నగా దెబ్బతింటాయి. అక్కడి ప్రొటీన్లు ఆక్సీకరణంతో రూపు మారతాయి. కాపలా కణాలకు అవి పరాయివిగా కనిపిస్తాయి. వాటిని తీసుకెళ్లి టీ కణాలకు చూపిస్తాయి. రెచ్చిపోయిన టీ కణాలు రక్తనాళాల చుట్టూ ఉన్న కొవ్వులో, కిడ్నీలో మకాం వేసి వాపు రసాయనాలు వదులుతాయి. నాళం బిగుసుకుంటుంది, కిడ్నీ ఉప్పును వదలడం తగ్గిస్తుంది. బీపీ ఇంకా పెరుగుతుంది, దెబ్బ ఇంకా తగులుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఉప్పుకు ఇందులో మనం అనుకున్నదానికన్నా పెద్ద పాత్ర ఉంది. ఉప్పు అంటే నీరు పట్టడమేనని మేము చదువుకున్నాం. 2013లో వెలువడిన పరిశోధనలు, సోడియం ఎక్కువైతే టీ కణాలు ఇంటర్‌లూకిన్-17 తయారుచేసే రకంగా మారే ధోరణి పెరుగుతుందని చూపాయి. 2017లో మరో బృందం, ఉప్పు ఎక్కువ తిన్న చిట్టెలుకల పేగుల్లో లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా తగ్గిపోయి, ఆ రకం టీ కణాలు పెరగడం గమనించింది. పిల్లలకు ఉప్పు తగ్గించమని నేను ఇప్పుడు మునుపటికన్నా గట్టిగా చెప్పడానికి ఇవే కారణం. ఇది మందు లేకుండా రోగనిరోధక కణాలను నెమ్మదింపజేసే దారి.

ఇవి ఎక్కువగా ఎలుకల మీద తేలినవి కదా, పిల్లల్లో ఏముంది అని మీరు అడగవచ్చు. ఉంది, కానీ తక్కువ. బీపీ ఎక్కువున్న పిల్లల్లో సీఆర్‌పీ, వాపు రసాయనాలు కొంత పెరగడం, టీ కణాల్లో రకాల మధ్య పాళ్లు మారడం గమనించారు. పిల్లల్లో చూడటానికి ఒక ప్రత్యేక విలువ ఉంది. అరవై ఏళ్ల మనిషిలో మధుమేహం, పొగ అలవాటు, బిగుసుకున్న నాళాలు అన్నీ కలిసిపోయి ఏది దేనివల్లో తేల్చడం కష్టం. పదకొండేళ్ల బాబులో ఆ చిక్కులు లేవు. ఒక చిక్కు మాత్రం ఉంది, బరువు. పొట్ట దగ్గరి కొవ్వు కేవలం నిల్వ కాదు. అందులో మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు చేరి ఇంటర్‌లూకిన్-6 వంటివి విడుదల చేస్తాయి. దాని ఆదేశంతో కాలేయం సీఆర్‌పీ తయారుచేస్తుంది. అందువల్ల బరువు ఎక్కువున్న పిల్లల్లో సీఆర్‌పీ కాస్త పెరగడం సహజం. పైగా మీ బాబుకు అప్పుడు దగ్గు ఉంది. ఒక్క దగ్గు చాలు ఆ అంకె పెరగడానికి. ఆ కాగితం చూసి నిద్ర పాడుచేసుకోకండి. దగ్గు పూర్తిగా తగ్గి రెండు మూడు వారాలయ్యాక, డాక్టర్ అవసరమంటేనే మళ్లీ చేయించండి.

యూరిక్ ఆమ్లం సంగతి కూడా మీకు ఎదురయ్యే ఉంటుంది. అది కూడా వాపు కణాలను మేల్కొలపగలదు. 2008లో కొత్తగా బీపీ బయటపడిన, యూరిక్ ఆమ్లం ఎక్కువున్న 30 మంది కౌమార వయసు పిల్లలకు ఆ ఆమ్లాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ ఇచ్చి చూస్తే బీపీ తగ్గింది. ఆసక్తికరమైన ఫలితమే. కానీ 30 మంది, కొన్ని వారాలు. ఆ మందు కొందరిలో తీవ్రమైన చర్మ ప్రతిచర్య తెస్తుంది. కేవలం బీపీ కోసం నేనైతే రాయను.

ఇక అణచే మందుల సంగతి. రోగనిరోధక కణాలు బీపీని నిలబెడుతున్నప్పుడు వాటిని అణచితే సరిపోదా? మంచి ప్రశ్న, చాలామంది శాస్త్రవేత్తలూ ఇదే అడిగారు. 2006లో సోరియాసిస్, కీళ్లవాతం కోసం మైకోఫినోలేట్ వాడుతున్న ఎనిమిది మంది పెద్దల్లో ఆ మందు వాడినంత కాలం బీపీ తగ్గి, ఆపగానే పెరిగింది. ఆశ కలిగించే పరిశీలన. కానీ అణచే మందులన్నీ ఒకలా ఉండవు. స్టిరాయిడ్లు, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ రోగనిరోధక వ్యవస్థను గట్టిగానే అణచివేస్తాయి, అయినా బీపీని పెంచుతాయి. మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్ పిల్లల్లో ఇది నేను రోజూ చూస్తాను, ఆ మందులతో పాటే బీపీ మందు కూడా రాయాల్సి వస్తుంది. ఒక్క వాపు రసాయనాన్ని మాత్రమే ఆపే కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను గుండెజబ్బున్న 10 వేల మందికి పైగా పెద్దల మీద పరీక్షించారు. సీఆర్‌పీ బాగా తగ్గింది, గుండెపోట్లు కొన్ని తగ్గాయి, బీపీ మాత్రం తగ్గలేదు. ఒక్క రసాయనాన్ని ఆపినంత మాత్రాన బీపీ దిగిరాదని ఆ పరీక్ష చెప్పింది. పైగా ఎదిగే బిడ్డలో ఈ కణాలు ఇన్ఫెక్షన్లతో పోరాడాలి, టీకాలకు స్పందించాలి. కిడ్నీ, రక్తనాళాల జబ్బు రుజువు కాని పిల్లలకు బీపీ కోసం వీటిని ఇవ్వడం తప్పు.

పెంచే పొడుల విషయంలో నా మాట ఇంకా సూటిగా ఉంటుంది. రెచ్చిపోయిన కణాలే సమస్యను నిలబెడుతున్నాయని ఇంతసేపు చెప్పుకున్నాం. వాటికి ఇంకా శక్తినిస్తామనే పొడి పనిచేయకపోతే డబ్బు దండగ, పనిచేస్తే బాబుకు నష్టం. దయచేసి ఈ రోజే ఆ డబ్బా తిప్పి పదార్థాల పట్టిక చదవండి. అందులో అతిమధురం ఉంటే వెంటనే ఆపేయండి. అతిమధురం కిడ్నీ ఉప్పును పట్టి ఉంచేలా చేసి బీపీని పెంచుతుంది, పొటాషియాన్ని తగ్గిస్తుంది. ఇది చాలాకాలంగా తెలిసిన విషయం. పట్టికే లేని పొడి అయితే అసలు వద్దు, అలాంటి వాటిలో స్టిరాయిడ్ కలిసి ఉండే ప్రమాదమూ ఉంది. దగ్గుకు వాడిన మందుల పేర్లు కూడా డాక్టర్‌కు చెప్పండి, ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మందులు బీపీని పెంచుతాయి. టీకాలు మాత్రం ఆపకండి, వాటికీ ఈ చర్చకూ సంబంధం లేదు.

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఆ బీపీ నిజమేనా అని తేల్చుకోవాలి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017 మార్గదర్శకాల ప్రకారం 11 ఏళ్ల అబ్బాయిలో 110/74 దాటితేనే శ్రద్ధగా చూడాలి, కాబట్టి 124/80 తోసిపుచ్చే అంకె కాదు. అయితే కొలిచే తీరులో పొరపాట్లు చాలా జరుగుతాయి. బరువున్న పిల్లాడి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పట్టీలో గాలి నిండే సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. బాబు ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా కూర్చున్నాక, కుడిచేయి గుండె ఎత్తులో ఉంచి చూడాలి. మూడు వేర్వేరు రోజుల్లో ఎక్కువ వస్తేనే రక్తపోటు అంటాం. అప్పుడు 24 గంటల బీపీ పరీక్ష చేయించగలిగితే చాలా మంచిది. డాక్టర్‌ను చూసి కంగారుపడే పిల్లలు ఎందరో అందులో మామూలుగా తేలతారు. రాత్రి నిద్రలో కూడా బీపీ దిగకపోతే, కిడ్నీ వైపు ఇంకా గట్టిగా చూస్తాం.

మూత్రపరీక్ష, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, కొలెస్ట్రాల్, బరువు ఎక్కువ కాబట్టి చక్కెర, కాలేయ పరీక్షలు చాలు. ఇంట్లో పెద్దలకు బీపీ ఉండి, బాబు బరువు ఎక్కువై, ఈ పరీక్షలన్నీ మామూలుగా ఉంటే పెద్ద పరీక్షల జోలికి పోనక్కర్లేదు. మూత్రంలో రక్తం, ప్రొటీన్ ఉంటేనే సీ3, లూపస్ పరీక్షలు, కిడ్నీల అల్ట్రాసౌండ్ వస్తాయి. బాబు నెలలు నిండి పుట్టాడా, పుట్టినప్పుడు బరువెంత అన్నది కూడా చెప్పండి. కిడ్నీలో వడపోత చేసే నెఫ్రాన్లు గర్భంలో దాదాపు 36 వారాల వరకే తయారవుతాయి, తర్వాత కొత్తవి రావు. ముందుగా పుట్టిన పిల్లల్లో అవి తక్కువగా ఉండే అవకాశం ఉంది. రాత్రి గురక పెడుతుంటే అది కూడా చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం బీపీనీ, సీఆర్‌పీనీ రెండిటినీ పెంచుతుంది.

పరీక్షలు మామూలుగా ఉంటే చికిత్స బరువు, ఉప్పు, ఆట, నిద్రతోనే మొదలవుతుంది. ఇవి మీకు చప్పగా అనిపించవచ్చు. కానీ పొట్ట కొవ్వు తగ్గితే అందులోని వాపు కణాలు తగ్గుతాయి, ఉప్పు తగ్గితే టీ కణాలు నెమ్మదిస్తాయి. ఇంతసేపూ చెప్పిన వలయాన్ని ఈ వయసులో తెంచగలిగేవి ఇవే. కొన్ని నెలలు గట్టిగా ప్రయత్నించినా దిగకపోతే మందు మొదలుపెట్టడానికి వెనకాడవద్దు. యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మందులు కొందరికి సరిపోతాయి. యాంజియోటెన్సినే టీ కణాలను రెచ్చగొడుతుంది కాబట్టి, ఆ మందులు అటువైపు కూడా కొంత మేలు చేస్తాయని నా నమ్మకం.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ, ఆయాసం, మూత్రం టీ రంగులో రావడం, పొద్దున ముఖం ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పరీక్ష తేదీ కోసం ఆగకండి. అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

లేకపోతే ఈ వారంలో ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. అదే రోజు రెండు చేతుల బీపీ, ఒక కాలి బీపీ చూడమని అడగండి. ఆ అంకెలు, మూత్రపరీక్షలో ప్రొటీన్, ఎర్ర రక్తకణాల వరుసల్లో ఏముందో నాకు రాయండి. అవి చూశాక తర్వాత ఏం చేయాలో చెబుతాను.